పూజ అచ్చులో తడి

విజయదశమి మరునాడు, బుధవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా పోత షెడ్డులో నా బామ్మర్ది నర్సింహులు కళ్లు పోయాయి. ముప్పై ఏళ్లు దాటింది. టైం ఇంత కచ్చితంగా ఎట్లా గుర్తుందని అడుగుతారు. కొలిమికి గాలి కొట్టే బ్లోయరు బందు చేసినప్పుడల్లా ఆ టైం గోడమీద సుద్దముక్కతో రాయడం దాన్ని నడిపే హుస్సేన్ పని. ఆ రోజు అతను రాయలేదు. కిందపడ్డ మనిషిని ఎత్తుకుంటూ నేనే గడియారం చూశాను. అప్పటికి నాకు అక్షరాలు రావు. గడియారం చూడటం వచ్చు.

నా పేరు కుర్మయ్య. నలభై ఏళ్లకు పైగా లోహం కరిగించి అచ్చుల్లో పోశాను. సగానికి పైగా కాలం మేస్త్రీగా చేశాను. ఈ మధ్య పోతపని నేర్పే కంప్యూటర్ ఆట ఒకటి తయారు చేశారు. ఏ లోహం ఎంత వేడికి ఎట్లా కరుగుతుందో అందులో ఉన్నదున్నట్టు ఉండాలని నన్ను పిలిపించుకున్నారు. వేడి సంగతి అంతా సరిగ్గానే పెట్టారు. ఒక్క మాట తప్పు పెట్టారు. ముప్పై ఏళ్ల కిందట నర్సింహులు మీద ఒక కాగితంలో రాసిన మాటే అది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఆ ఆట ఆడి వస్తారు. ఆ మాట చదివి వస్తారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

చెంపకు తెలిసే వేడి

మాది మానవపాడు దగ్గర పల్లె. భూమి లేదు. మా నాయన కూలికి పోయేవాడు, కూలి దొరకని నెలల్లో గుంపుతో కలిసి మట్టిపనికి వెళ్లేవాడు. నేనూ ఒక గుంపుతో మట్టి మోయడానికని హైదరాబాదు పోయి, ఒక పోత షెడ్డులో ఇసుక మోయడానికి కుదిరాను. అక్కడి ఉస్తాద్ దగ్గరే పని నేర్చుకున్నాను. ఆయనకూ చదువు లేదు. వేడి కొలిచే మీటరు ఆ షెడ్డులో ఒకటి ఉండేది, దానిమీద ఆయన తువ్వాల ఆరేసేవాడు.

ఒకరోజు నన్ను కొలిమి ముందు నిలబెట్టి కళ్లు మూసుకొమ్మన్నాడు.

"ఇప్పుడు చెప్పు, మూసల ఏమున్నది? ఇత్తడా, అల్యూమినియమా?"

మూస అంటే లోహం కరిగించే కుండ.

"కండ్లు మూసుకుంటే ఎట్ల తెలుస్తది ఉస్తాద్?"

"చెంపకు తెలుస్తది. తెల్వకుంటే నేను తెలిపిస్త," అని ఒకటి ఇచ్చాడు. అప్పటినుంచి నాకు చెంపకే తెలిసింది.

పిల్లలు ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. లోహాలన్నీ తమ వేడిని ఒకే తీరుగా చెప్పవు. రాగి నిజాయితీ గలది. ఎర్రబడుతుంది, నారింజ రంగు తిరుగుతుంది, అంచున ఆకుపచ్చని మంట చూపిస్తుంది, ఆ తర్వాత కరుగుతుంది. సీసం వంటపొయ్యి మీద కూడా కరిగిపోతుంది. ఇత్తడి పొగతో మాట్లాడుతుంది. అందులోని జింకు తెల్లని పొగై లేస్తుంది, అది పీలిస్తే నోరు తియ్యగా అయి, సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. బెల్లం తింటే పోతుందని యజమానులు చెప్పేవాళ్లు. బెల్లంతో ఏమీ పోదు. తలుపులు తెరిచి గాలి ఆడనిస్తే జ్వరమే రాదు. కానీ గాలి ఆడితే కొలిమి చల్లబడుతుందని తలుపులు మూయించేవాళ్లు.

అన్నిటికంటే మోసం చేసేది అల్యూమినియం. పగటి వెలుగులో అది ఎర్రబడటం కనిపించదు. కరిగిన తర్వాత కూడా గిన్నెలో పాలలాగా తెల్లగా, చల్లగా ఉన్నట్టే ఉంటుంది. అచ్చులో గడ్డకట్టిన దిమ్మె ఇంకా కాలుతున్నదో, ఆరి చల్లబడిందో చూపుకు తెలియదు. మా షెడ్డులో అల్యూమినియం దిమ్మె ముట్టుకొని చెయ్యి కాల్చుకోని మనిషి లేడు. నా ఎడమ అరచేతిలో గీతలు లేవు.

ఇంకొక సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక రోజు పని పోయింది. లోహం కరగడం మొదలుపెట్టాక వేడి ఎక్కదు. ఎంత గాలి కొట్టినా, మూసలో చివరి ముక్క కరిగేదాకా అక్కడే ఆగుతుంది. నేను ఆ ఆగడాన్ని ఓపిక పట్టలేక, పైన కరిగింది కదా అని ముందే పోశాను. లోహం అచ్చు మూలలదాకా పారలేదు. ఆ రోజు పోసిన మోటారు బుష్షులన్నీ తిరిగి తుక్కులోకే పోయాయి. "లోహం ఆగుతది, నువ్వు ఆగవ్," అన్నాడు ఉస్తాద్. మంచి యజమాని అంటే కొలిమి దగ్గర తొందరపెట్టనివాడు అని అప్పుడు అనుకున్నాను. అట్లాంటివాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. మేస్త్రీనయ్యాక నేనూ అట్లాంటివాణ్ణి కాలేదు.

పూజ అచ్చు

పెళ్లయ్యాక వనపర్తి వచ్చి, ఊరి బయట ఒక చిన్న షెడ్డులో మేస్త్రీగా కుదిరాను. బోరు మోటార్లకు బుష్షులు, మూతలు పోసేవాళ్లం. నా భార్య తమ్ముడు నర్సింహులును పెద్దమందడి నుంచి నేనే తీసుకొచ్చి పనిలో పెట్టాను. గరిటె పట్టడంలో అంత నెమ్మది చెయ్యి నేను మళ్లీ చూడలేదు. ధార తెగకుండా, ఒక్క చుక్క చిందకుండా పోసేవాడు.

తుక్కు కరిగించి పోసే ఇనుప అచ్చులు మా దగ్గర నాలుగు ఉండేవి. మూరెడు పొడవు, తొట్టిలాగా ఉంటాయి. వాటిని రోజూ కొలిమి అంచుమీద బోర్లించి, చెయ్యి పెట్టలేనంత కాల్చి, ఆ తర్వాతే లోహం పోసేవాళ్లం. తడి ఉన్న అచ్చులో లోహం పోస్తే ఆ నీళ్లు లోహం కింద ఆవిరై, బయటికి దారి లేక, లోహాన్ని ఎగరగొట్టి వస్తాయి. చెంచాడు నీళ్లు చాలు. ఇది తెలియని పోతగాడు ఉండడు.

అయితే దసరాకు మాకు ఒక ఆనవాయితీ ఉండేది. ఆయుధపూజకు ఒక అచ్చును కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, బంతిపూలు వేసి కొలిమి ముందు పెట్టేవాళ్లం. పండుగ తర్వాత మొదటి లోహం అందులోనే పోయాలి. అప్పటిదాకా దాన్ని కదిలించకూడదు, తుడవకూడదు. ఆ మొదటి దిమ్మె మళ్లీ దసరాదాకా దేవుడి పటం కింద ఉంటుంది. ఏళ్ల తరబడి అట్లాగే చేశాం, ఏమీ కాలేదు. ఎందుకు కాలేదంటే, పండుగ తర్వాత మూడు నాలుగు రోజులు పని బందు పెట్టేవాళ్లు. వాకిట్లోంచి పడే ఎండకు అచ్చు ఎండిపోయేది. ఎండ చేసిన పని మేము పూజ చేసిందనుకున్నాం.

ఆ ఏడు షెడ్డు యజమాని సేటుకు తొందర పని తగిలింది. మరునాడే కొలిమి అంటించమన్నాడు. ఇసుక జల్లించే జములమ్మ గద్వాల వైపు మనిషి, నోరున్న మనిషి. "పండుగ తెల్లారే ఏం కొలిమి సేటూ, దేవుడు గూడ ఇంక నిద్ర లేవలే," అన్నది. సేటు నవ్వాడు. నేనూ నవ్వాను.

ముందురోజు కొబ్బరికాయ కొట్టింది నేను. ఎప్పుడూ నేలమీద రాయికి కొట్టేవాణ్ణి. ఆ రోజు అందరూ చూస్తుంటే హుషారెక్కి, అచ్చు అంచుకే కొట్టాను. నీళ్లు అచ్చులోకే కారాయి. తుప్పు పట్టిన ఇనుము, దానిమీద మందంగా పసుపు. నీళ్లను అవి పట్టుకొని కూర్చున్నాయి.

బుధవారం అల్యూమినియం కరిగింది. నర్సింహులు గరిటె ముంచి ఎత్తి, పూజ అచ్చు దగ్గరికి వచ్చి ఆగాడు.

"బావా, అడుగున పసుపు ఇంక మెత్తగనే ఉన్నది. జర ఎత్తి కొలిమి మీద బోర్లిద్దామా?"

"పూజ అచ్చును కదిలిస్తరా? ఏం పుట్టింది రా నీకు?"

"కదిలియ్యకుంటే మానె. గుడ్డతోనన్న తుడుస్త."

"తుడవొద్దు. పొయ్యి."

"ఏంది కుర్మయ్యా ముచ్చట్లు, మూస సల్లారుతున్నది!" సేటు వాకిట్లో నుంచి అరిచాడు.

నర్సింహులు నా ముఖం చూశాడు. "నువ్వంటే పోస్త బావా," అని ఒంగి పోశాడు.

అతను చివరగా చూసింది నా ముఖమా, ఆ అచ్చా అని నేను చాలా ఏళ్లు లెక్కవేసుకున్నాను. అచ్చే. ఒంగాడు కదా.

బొటనవేలు

మూడో రోజు దవాఖాన వరండాలోకి సేటు ఒక కాగితం తెచ్చాడు. సాక్షులమని హుస్సేన్, జములమ్మ, నేను వేలిముద్రలు వేయాలన్నాడు. హుస్సేన్‌కు గోడమీద అంకెలు వేసేంత చదువే వచ్చు. జములమ్మ అడిగింది, "ఏం రాసినవ్ సేటూ?" "జరిగింది రాసిన," అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను ముందుగా బొటనవేలు పెట్టాను. నేను పెట్టాక వాళ్లూ పెట్టారు.

చదువు రాక మోసపోయానని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. అది సగమే నిజం. చదువు రానివాడికి నోరుంటుంది. చదివి వినిపించమని అడగవచ్చు. వింటే ఏం చెయ్యాల్సి వస్తుందోనని నేను అడగలేదు.

నర్సింహులు ఇంటికి వచ్చేసరికి, కాల్చని అచ్చులో పోసి కళ్లు పోగొట్టుకున్నాడని ఊరంతా తెలిసిపోయింది. "చేతిల పనోడే గని, జాగర్త లేదు," అనుకున్నారు. పెద్దయ్యాక అతని కొడుకు పోతపనికి వస్తానంటే చుట్టుపక్కల ఏ షెడ్డూ తీసుకోలేదు. "తండ్రి అట్ల, కొడుకెట్లుంటడో," అన్నారు. నా మాట ఒక్కటి చాలేది. నేను మేస్త్రీగానే ఉన్నాను.

అక్షరాలు నలభై మూడో ఏట నేర్చుకున్నాను. మోటారు మూతలమీద పేరు పోయాల్సి వచ్చేది. ఇసుకలో ఒత్తిన అక్షరం తిరగబడి కనిపిస్తుంది కాబట్టి నేను మొదట అ ఆలు తిరగేసి నేర్చుకున్నాను. అక్షరాస్యత కేంద్రంలో పంతులమ్మ నా పలక చూసి, "కుర్మయ్యా, నీ రాత చదవాలంటే అద్దం తెచ్చుకోవాల్నా?" అని నవ్వింది. ఏడాదిలో కూడబలుక్కొని చదవడం వచ్చింది.

ఆ సంగతి నర్సింహులు భార్య పద్మకు తెలిసింది. నేను పెద్దమందడి పోయినప్పుడు, పెట్టె అడుగునుంచి సేటు కాగితం నకలు తీసి ఇచ్చింది.

"సదువొచ్చిందంట గద అన్నా. మాకెవ్వరికీ రాకపాయె. ఏం రాసిండ్రో జర సూడు."

చూశాను. "అచ్చును వేడి చేయకుండా పోసినందున, ఇది పోసినవాని నిర్లక్ష్యమే" అని ఉంది. కింద మా బొటనవేళ్లు. నర్సింహులు మంచంమీద కూర్చొని వింటున్నాడు.

"ప్రమాదం జరిగిందని రాసిండ్రు. అంతే," అని మడిచి ఇచ్చేశాను.

నేను నేర్చుకున్న చదువుతో ఒకరికి చదివి వినిపించిన మొదటి కాగితం అది.

ఆటలో వేడి

పని మానేసి ఆరేడేళ్లయ్యాక, వనపర్తిలో కుర్రవాళ్లకు చేతిపనులు నేర్పే ఒక కేంద్రం నుంచి కబురు వచ్చింది. హైదరాబాదు నుంచి ఒక చిన్న జట్టు వచ్చి ఆట తయారు చేస్తోంది. అసలు కొలిమి దగ్గరికి పోకముందు పిల్లలు కంప్యూటర్లో పోత పోసి నేర్చుకోవాలట. జట్టుకు పెద్ద వినోద్ సార్. ఆటకు లోహాల గుణాలు రాసే పిల్ల సుష్మ, కొల్లాపూర్ అమ్మాయి. మామిడితోటల మధ్య పెరిగినదాన్ని, నిప్పంటే భయం అని మొదటిరోజే చెప్పింది. "భయమున్నదా, అయితే పనికొస్తవ్," అన్నాను.

మొదట చూపించినప్పుడు నవ్వు వచ్చింది. మూసలో అల్యూమినియం ముక్కలు ఎర్రగా నిప్పుకణికల్లాగా వెలుగుతున్నాయి.

"ఇది ఎర్రగ ఎందుకైంది బిడ్డా?"

"వేడెక్కిందని తెల్వాలె గద తాతా. లేకుంటే ఆడేటోళ్లకు ఎట్ల తెలుస్తది?"

"తెల్వదు. తెల్వకపోవుడే దాని గుణం."

"గట్లయితే పరేషాన్ అయితరు తాతా. దిమ్మె సల్లారిందనుకొని ముట్టుకుంటరు."

"ముట్టుకోనియ్యి. ఆడ ముట్టుకుంటే ఈడ ముట్టుకోరు."

అరచెయ్యి చూపించాను. ఆమె కాసేపు చూసి, ఎరుపు తీసేసింది.

అల్యూమినియం కరగడానికి ఆరువందల అరవై డిగ్రీలని ఒక అంకె రాసుకున్నారు. అంకె సరైనదే. కానీ వాళ్ల ఆటలో లోహం ఆ అంకెకు ఒక్క గీత కింద రాయి, ఒక్క గీత పైన నీళ్లు. నేను ఆగడం గురించి చెప్పాను. ఆమెకు పుస్తకాల్లో తెలుసట, ఆటలో పెట్టడం మరిచిందట. పెట్టింది. అప్పుడు మీటరు అక్కడే ఆగిపోతుంటే ఆడేవాళ్లు విసుక్కొని ముందే పోయడం, మూలలు నిండకపోవడం మొదలైంది. నన్ను నేను చూసుకున్నట్టయింది. గరిటె చల్లగా ఉంటే అంచున లోహం గడ్డకట్టడం, తుక్కులో ఉన్న ఇనుప బోల్టు కరగకుండా మూస అడుగున ఉండిపోవడం, ఇత్తడి పొగ, సాయంత్రం జ్వరం, అన్నీ పెట్టించాను. ఆటలో జ్వరం ఒక బొత్తాం నొక్కితే పోతుంది. అది మార్చమంటే వినోద్ సార్ వినలేదు.

చివరికి తడి సంగతి చెప్పాను. ఏ వస్తువు ఎంత నీరు పట్టుకుంటుందో ఒక పట్టిక రాసింది సుష్మ. ఇసుక, తుప్పు, బూడిద.

"పసుపు గూడ రాయి," అన్నాను.

"పసుపా? పోతకాడ పసుపెందుకుంటది తాతా?"

"రాయి బిడ్డా."

నా వైపు చూసి రాసింది, మళ్లీ అడగలేదు. తడి అచ్చుమీద గుర్తేమీ ఉండొద్దని కూడా అన్నాను. ఎండిన అచ్చు, తడి అచ్చు పైకి ఒక్క తీరుగానే కనిపించాలి. అట్లాగే చేసింది. పండుగ తర్వాతి రోజు అని ఒక ఘట్టం కూడా పెట్టింది, కొలిమి ముందు పూజ చేసిన అచ్చుతో సహా. నేను చెప్పింది చెప్పినట్టు.

నన్నే ఆడమన్నారు. మౌసు పట్టుకొని గరిటె ఎత్తాను. పోశాను. తెర తెల్లబడింది. తర్వాత ఎర్ర అక్షరాలు వచ్చాయి. నేను కూడబలుక్కొని చదువుతాను కాబట్టి అందరూ ఆగారు.

"మీరు అచ్చును వేడి చేయలేదు. ఇది పూర్తిగా మీ నిర్లక్ష్యం. మళ్లీ ఆడండి."

మౌసు పక్కన పెట్టాను. "ఇదెవరు రాసిండ్రు?"

"సార్ రాసిండు తాతా. తప్పు చేస్తే చెప్పాలె గద."

"అచ్చు తడిపింది ఆడేటోడు కాదు గదా. ఆట మొదలయ్యేసరికే తడిగున్నది."

వినోద్ సార్ ఓపికగానే చెప్పాడు. "ఆటలో ఉన్నది ఒక్కడే కదా పెద్దాయనా. తప్పు ఇంకెవరి మీద వేస్తాం?"

"ఒక్కడే మనిషున్న కొలిమి నేను ఏడా సూడలే సార్."

"పోసేవాడు చూసుకొని, తుడుచుకొని పోయాలి. రూలు అదే కదా? ఎవరైనా వద్దన్నారా ఏంటి, తుడవొద్దని?"

ఆయన మామూలుగానే అడిగాడు. ఆయనకు ఏమీ తెలియదు. సుష్మ మాత్రం పసుపు రాసిన రోజు చూసినట్టే నా వైపు చూసింది.

"లేదు సార్," అన్నాను.

పెద్దమందడిలో

మరునాడు సుష్మ ఆ ఘట్టాన్ని నా మనవడి ఫోనులో వేసి ఇచ్చింది. దాన్ని పట్టుకొని బస్సెక్కాను. ఎందుకు పోయానో అప్పుడు నాకూ సరిగ్గా తెలియదు.

నర్సింహులు గడపలో కూర్చొని పల్లికాయ ఒలుస్తున్నాడు. గింజ ఒక చేటలో, పొట్టు ఒక చేటలో. చూపున్నవాళ్లు కూడా అంత శుభ్రంగా ఒలవరు. పద్మ చాయ్ పెట్టింది.

"ఆటనంట రా. మన పని ఆటల పెట్టిండ్రు," అన్నాను.

"ఈయన కండ్లు పోయింది గూడ పెట్టిండ్రా?" అన్నది పద్మ.

"పెట్టిండ్రు."

"అయితే ఇనిపియ్యి," అన్నాడు నర్సింహులు.

వినిపించాను. పెద్ద చప్పుడు వచ్చింది. కోళ్లు చెదిరాయి.

"మళ్లొకపారి పెట్టు." మళ్లీ పెట్టాను. అతను తల అడ్డంగా ఊపాడు. "గట్ల కాదు బావా. గంత చప్పుడేడిది? పొయ్యి ఊదేటోళ్లు ఒక్కపారిగ ఊపిరి ఇడుస్తరు సూడు, గట్ల. అటెన్క నువ్వు నా పేరు పిలిచినవ్. నర్సిగా అని. ఎన్నడు పిలవలే నన్ను గట్ల."

నేను ఫోను ఒళ్లో పెట్టుకున్నాను.

"పేలినంక ఏమన్న రాసి వస్తదా ఆటల?" అన్నాడు.

చదివాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను.

పద్మ చేతిలో పని ఆపింది. "ఆ కాగితంల గూడ గిట్లనే ఉన్నదా అన్నా?"

"ఉన్నది."

"మరి ఆనాడు ప్రమాదమని రాసిండ్రు అంటివి?"

"ఎందుకడుగుతవ్ ఆయన్ను," అన్నాడు నర్సింహులు, కాయ చిదుపుతూ. "నాకు ఎర్కనే. దవాఖానల సేటు నాకు సదివి ఇనిపిచ్చే నా వేలిముద్ర వెట్టిచ్చుకుండు."

"నువ్వు తుడుస్తనన్నవు గద. ఆ మాట సేటుకు ఎందుకు చెప్పలే?" అన్నాను.

"నేను చెప్తే ఎవలు నమ్ముతరు? నువ్వు చెప్తవనుకున్న. ఒక ఏడు ఎదురుసూసిన. కొడుకు పనికి పోయినప్పుడు మళ్లొకపారి సూసిన. అటెన్క ఇడిసిపెట్టిన." గింజ చేటలో వేశాడు. "నీకు నీ పని ఉండె. నాకు పల్లికాయ ఉండె."

పద్మ లేచి నా ముందున్న చాయ్ గ్లాసు తీసుకొని లోపలికి పోయింది. నేనింకా తాగలేదు.

కేంద్రంలో

ఆట మొదలుపెట్టిన రోజు నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఇందులో వేడి, కరుగు అంతా ఈ పెద్దాయన అనుభవమే అని వినోద్ సార్ చెప్పాడు. పిల్లలు వరసగా ఆడారు. పండుగ తర్వాతి ఘట్టం వచ్చింది. ఒకడు పోశాడు, తెర తెల్లబడింది, ఎర్ర అక్షరాలు వచ్చాయి. పక్కవాడు వీపుమీద చరిచి, "నిర్లక్ష్యం గాడు!" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను లేచి చెప్పాను. మైకు అడగలేదు. ఆ అచ్చు ఎవరు తడిపారో, ఎవరు తుడుస్తానన్నారో, ఎవరు వద్దన్నారో చెప్పాను. వెనకనుంచి ఒక పిల్లవాడు అడిగాడు, "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే తాతా?" భయమని చెప్పవచ్చు. భయం మొదటి ఏడాదే పోయింది. ఆ తర్వాత అలవాటైంది.

వినోద్ సార్ నా చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టి, చాలా కదిలించే విషయం అన్నాడు. ఎర్ర అక్షరాలు మార్చమన్నాను. ఆట అంతా పోసేవాడి మీదే కట్టారట, అది మారిస్తే మొదటినుంచి కట్టాలట. ఆటలో పెట్టిన నా పేరన్నా తీసేయమన్నాను. అదీ తీయలేదు. సుష్మ ఒక్కటి చేయగలిగింది. ఆ ఘట్టంలో పోయడానికి ముందు గుడ్డ అనే బొత్తాం పెట్టింది. నొక్కితే అచ్చు తుడుచుకోవచ్చు. నొక్కినప్పుడు వద్దనేవాడు మాత్రం ఆటలో లేడు. షెడ్డులో ఉంటాడు. మీకు దొరుకుతాడు. వాడు మీ మేస్త్రీయో, మీ బావో అయి ఉంటాడు. వాడి మాట వినకండి.

లోహం గురించి ఆ ఆటలో ఉన్నదంతా నిజం, నమ్మండి. తప్పు గురించి ఉన్నది నమ్మకండి. సేటు కాగితం కింద మా వేలిముద్రలు ఉన్నాయి. ఎవరు ఏం చేశారో అందులో లేదు. అందుకని పేర్లన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఆ బుధవారం ఆ షెడ్డులో ఉన్నది ఐదుగురం.

ప్రభాకర్ సేటు, పండుగ మరునాడే కొలిమి అంటించమన్నవాడు. ఇప్పుడు లేడు.

హుస్సేన్, బ్లోయరు దగ్గర. టైం రాయనివాడు.

జములమ్మ, ఇసుక జల్లెడ దగ్గర. దవాఖానదాకా నర్సింహులు తల ఒళ్లో పెట్టుకున్నది ఆమెనే.

నర్సింహులు, గరిటె పట్టినవాడు. తడి ఉందన్నవాడు, తుడుస్తానన్నవాడు.

కుర్మయ్య, మేస్త్రీ. కొబ్బరికాయ కొట్టినవాడు. తుడవొద్దన్నవాడు.